జాతర జిలేబీకి జిమ్మెదారు

మా ఇందిరమ్మ పెద్దమ్మకు లోకంలో ఏ వస్తువు ధరతోనూ పేచీ లేదు, జాతరలో అమ్మే తినుబండారాలతో తప్ప. మేడ్చల్ బజారులో చీరల కొట్టువాడు ఎంత చెబితే అంత ఇచ్చి, పైగా "పిల్లలు మంచిగున్నరా?" అని అడిగి వచ్చే మనిషి, జాతరలో అడుగు పెట్టగానే మారిపోయేది. పావుకిలో జిలేబీ కొనాలన్నా సరే, దాని ధర అంత పెరగడానికి బాధ్యులెవరో తేలనిదే ఆ దుకాణం ముందు నుంచి కదిలేది కాదు. కొంగు నడుముకు చెక్కి, తరాజు వైపు వేలు చూపించి, "గీ ధరకు జిమ్మెదారెవలు?" అని మొదలుపెట్టిందంటే రంగులరాట్నం తిప్పేవాడు కూడా తిప్పడం ఆపి చూసేవాడు.

ఆ జిమ్మెదారు వేటలో నేను ఆమె సారథిని. మేడ్చల్‌లో బ్యాంకు గుమస్తాగా చేరి కొత్తగా స్కూటరు కొన్న పాపానికి, తొంభైల్లో మా చుట్టుపక్కల జరిగిన ప్రతి జాతరకూ ఆమెను వెనక కూర్చోబెట్టుకుని తిప్పాను. పెదనాయిన భాస్కర్ పటేల్‌కు జీపు ఉండేది. కానీ ఆయన ఆమెతో జాతరకు వచ్చేవాడు కాదు. "పటేలు పెండ్లాం పేలాల కాడ పంచాదివెట్టిందంటే నా ఇజ్జత్ ఏం గావాలె?" అనేవాడు. నా ఇజ్జత్ గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

ఒకసారి బౌరంపేట్ దగ్గర జాతరలో పీచుమిఠాయి వాడు దొరికాడు. పాపం, ఒక్కడే గంట వాయించుకుంటూ నిలబడి ఉన్నాడు.

"గింత దూదికి గంత ధరనా? జిమ్మెదారెవలు?"

"నేనేం జెయ్యాలమ్మా? చక్కెర పిరమైంది."

"చక్కెరను పిరం జేసిందెవలు?"

"నాకేమెరుక? అన్ని ధరలు ఢిల్లీల పెంచుతరట."

పెద్దమ్మ నా వైపు తిరిగి చాలా మామూలుగా అడిగింది. "గీ నాగపూర్ రోడ్డు వట్టుకొని పోతే ఢిల్లీయే వస్తది గదరా?"

"వస్తది పెద్దమ్మా."

"నీ స్కూటర్ల పెట్రోలున్నదా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె అడిగిందంటే నిజంగానే బయలుదేరుతుంది. ఆ సంగతి పీచుమిఠాయి వాడికీ అర్థమైనట్టుంది, "వద్దమ్మా, పొద్దువోతది" అని బతిమాలాడు. అప్పటికే చుట్టూ మూగిన జనం పగలబడి నవ్వుతున్నారు. ఊరికే నిలబడి నవ్వితే బాగుండదని కాబోలు, తలా ఒక పీచుమిఠాయి కొనుక్కున్నారు. చివరికి పెద్దమ్మ వాడు చెప్పిన ధరే ఇచ్చి, తనూ ఒకటి తీసుకుని, మూతి నిండా గులాబీరంగు పూసుకుని స్కూటరెక్కింది.

ఇంకో ఎండాకాలం శామీర్‌పేట దిక్కు వెళ్లాం. అక్కడ ఈగలు తప్ప ఎవరూ ముసరని బరఫ్ గోలా బండి ఒకటి కనబడింది. బండివాడు తెలివైనవాడు. మనుషుల పేర్లు చెబితే వెతికి పట్టుకుంటుందని ముందే ఎవరో హెచ్చరించి ఉంటారు. "గీ ఎండకు సగం బరఫ్ తొవ్వలనే కరిగిపోతాందమ్మా, గందుకే పిరం" అన్నాడు. పెద్దమ్మ అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "ఏం, నువ్వేనా జిమ్మెదారువు?" అని సూర్యుణ్ణే నిలదీసింది. సూర్యుడు మాట్లాడలేదు. ఆమె జవాబు కోసం చాలాసేపే చూసింది. నేను గాజుల దుకాణం వెనక నక్కి, అవసరం లేకపోయినా గాజుల ధరలు అడుగుతూ కూర్చున్నాను.

ఈ మాట మా ఇళ్లలో ఎంత పాకిపోయిందంటే, పెళ్లి పందిట్లో పప్పులో ఉప్పెక్కువైతే చాలు, పిల్లలంతా ఆమె గొంతుతో "జిమ్మెదారెవలు?" అని అరిచేవారు. అందరికంటే ఎక్కువ పెద్దమ్మే నవ్వేది. నవ్వి, వంటవాణ్ణి వెతకడానికి లేచేది.

అన్ని జాతరలూ ఒక ఎత్తు, మా ఊళ్లో భూముల ధరలు పెరిగిన ఏడాది జరిగిన ఎల్లమ్మ జాతర ఒక ఎత్తు. రెండు వేల సంవత్సరం దాటాక గుండ్లపోచంపల్లి నుంచి అలియాబాద్ దాకా చేలల్లో జొన్నకు బదులు సున్నం కొట్టిన ప్లాట్ల రాళ్లు మొలిచాయి. పెదనాయిన ఒక చెలక అమ్మి కారు కొన్నాడు. ఆయనకు చిన్నప్పటి నుంచీ పోటీ అయిన కృష్ణారావు దాన్ని చూసి ఇంకా పెద్ద కారు కొన్నాడు. ఇద్దరూ ఎదురుపడితే అద్దాలు దించుకుని మరీ దగ్గుకుంటూ పోయేవారు.

మా దగ్గర జాతరకు ముందు ఒక పద్ధతి ఉంది. దుకాణాల దగ్గర తైబజారు, అంటే జాగా కిరాయి, వసూలు చేసుకునే హక్కును వేలం వేస్తారు. మేం హర్రాజు అంటాం. ఎక్కువ పాడినవాడికి గుత్త. ఆ గుత్త పెరిగితే దుకాణాల మీద పడుతుంది, దుకాణాల మీద పడింది జిలేబీ మీద పడుతుంది. ఆ ఏడు హర్రాజు ఎక్కడికో ఎక్కిపోయిందని విన్నాం గానీ, గుత్త ఎవరికి పోయిందో నాకు తెలియదు. బ్యాంకులో పనెక్కువై నేను హర్రాజుకు వెళ్లలేదు.

స్కూటరు ఆపగానే జాతర మొదట్లోనే పెద్ద మిఠాయి దుకాణం కనబడింది. రంగురంగుల బల్బులు, తోసుకుంటున్న జనం, కళ్లు తిరిగే ధర. నేను అలవాటు ప్రకారం నక్కడానికి చోటు చూసుకున్నాను. పెద్దమ్మ అటు తల కూడా తిప్పలేదు. "పెద్దమ్మా, జిలేబీ" అని నేనే గుర్తు చేశాను. వినిపించుకోకుండా బజ్జీల బండ్లు దాటి, చెరుకురసం దాటి, ట్రాక్టర్లు ఆపే మూలకు నడిచింది.

అక్కడ జంగమ్మ కూర్చుని ఉంది. చెరువులో చేపలు పడని నెలల్లో జాతర జాతరకూ తిరిగి జిలేబీలు వేసుకుని ఇల్లు నడుపుకునే మనిషి. ముందు వరసలో జాగాకు అడిగినంత తైబజారు ఇవ్వలేక ఈ మూలకు వచ్చిపడింది. మూకుడులో నూనె చల్లారిపోయింది.

"ఏం జంగమ్మ, ఎట్లున్నది?"

"ఏం జెప్పాలమ్మా! పొద్దటి సంది బోణీ లేదు. రెండొద్దులకు సరిపోను పిండి కలిపిన, ఎండకు మస్తు పులుస్తాంది. ఇది పారవోసుడైతే ఇగ జాతర ముచ్చట బంద్. గుండ్లపోచంపల్లి గోదాములల్ల మూటలు మోయవోత."

నేను పెద్దమ్మ ఏదో ఓదార్పు మాట చెబుతుందనుకున్నాను. ఆమె కొంగు నడుముకు చెక్కింది.

"గదంత నాకెందుకు? గీ జిలేబీ గింత పిరమెందుకో ముందుగాల జెప్పు. జిమ్మెదారెవలు?"

ఆ గొంతు జాతర మొదటిదాకా వినబడి ఉంటుంది. నాకు మొదటిసారి ఆమె మీద నిజంగా కోపం వచ్చింది. బోణీ కూడా కాని మనిషితోనా ఈ పంచాయితీ? కానీ జంగమ్మకు కోపం రాలేదు. అంతదాకా నీరసంగా మాట్లాడిన మనిషి, గబగబా పొయ్యిలో కట్టెలు ఎగదోసి, పెద్దమ్మకంటే గట్టిగా అందుకుంది.

"నన్నేం అడుగుతవమ్మా? తైబజారు గుంజెటోన్ని అడుగు!"

"పిలువుండ్రి వాన్ని!"

తైబజారు వసూలు చేసే బాలమల్లు సంచీ చంకన పెట్టుకుని వచ్చాడు. అతని వెనక, ఏం జరుగుతుందో చూద్దామని ఓ గుంపు వచ్చింది. గుంపుకు వాసన తగిలింది. మొదటి వాయి జిలేబీలు పళ్లెంలో పడీ పడకముందే మాయమయ్యాయి.

"నాదేమున్నదమ్మా? నేను వసూలు జేసెటోన్ని. గుత్తేదారును అడుగుండ్రి."

"ఎవలు గుత్తేదారు?"

బాలమల్లు ఆకాశం చూశాడు, నేల చూశాడు. "మైసయ్య" అన్నాడు.

"ఏ మైసయ్య?"

"మీ బాయికాడ జీతముండే మైసయ్యనే అమ్మా."

జనం ఒక్క క్షణం నమలడం ఆపారు. మైసయ్య పెదనాయిన దగ్గర ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాడు. మైసయ్య చేతిలో బీడీలకు తప్ప పైకం ఎన్నడూ నిలిచిన పాపాన పోలేదు. నలుగురు వెళ్లి అతన్ని బజ్జీల బండి దగ్గర పట్టుకుని తెచ్చారు. చేతిలో సగం కొరికిన బజ్జీ ఉంది.

"మైసయ్యా, నువ్వెప్పుడు గుత్తేదారువైనవ్ రా?"

"నేనా? ఎవలన్నరమ్మా?" అని అతనే ఆశ్చర్యపోయాడు. ఆ తరువాత గుర్తొచ్చింది. "ఆఁ, పటేలు ఏలుముద్ర ఎయ్యమంటే ఏసిన. గదేనా?"

పెద్దమ్మ దగ్గరికి రమ్మని సైగ చేసింది. మైసయ్య ఆమె చెవి దగ్గర వంగి గుసగుసగా చెప్పాడు. మైసయ్యకు గుసగుస చేతకాదు. ట్రాక్టరు ట్రాలీల మీదకెక్కి చూస్తున్నవాళ్లకు కూడా ప్రతి ముక్కా వినబడింది.

"హర్రాజు కాడ కృష్ణారావు దొరను ఎక్కియ్యాలని పటేలు పాడుకుంట వోయిండమ్మా. దొర పాడుతనే ఉంటడనుకున్నడు. ఆయనేమో సప్పుడు జెయ్యక తువ్వాల దులుపుకొని లేచిపోయిండు. గుత్త మన నెత్తిన వడ్డది. అమ్మకు తెలుస్తే కొంపలంటుకుంటయని నా పేరు రాయించిండు."

సరిగ్గా అప్పుడే పెదనాయిన వచ్చాడు. ఆయన్ను పిలవనక్కర లేకపోయింది. "మీ ఇంటామె జాతరనే ఆపింది" అని ఎవరో చెబితే ఇస్త్రీ ఖద్దరు చొక్కాలో ఉరికొచ్చాడు. ఆ వెనకే కృష్ణారావు కూడా వచ్చి, చేతులు కట్టుకుని, నవ్వును మీసం కింద దాచుకుని నిలబడ్డాడు. జనం పెదనాయినను చూశారు, పెద్దమ్మను చూశారు. ఆయనకు విషయం అర్థమై ముఖం పాలిపోయింది.

ఇన్నేళ్ల వేట ఫలించింది. జిమ్మెదారు దొరికాడు, అదీ సొంత ఇంట్లోనే. ఇక పెదనాయిన ఇజ్జత్ జిలేబీలాగే నూనెలో పడుతుందని నేను కళ్లు మూసుకున్నాను. పెద్దమ్మ మాత్రం విస్తరాకు ముక్కలో వేడి జిలేబీ ఒకటి పెట్టించి ఆయన చేతికిచ్చింది.

"ఏమయ్యా, నువ్వే జెప్పు. గీ జిలేబీ గంత ధర జేస్తదా, జెయ్యదా?"

చెయ్యదంటే, మరి ధర పెంచిందెవరన్న ప్రశ్న వస్తుంది. పెదనాయిన జిలేబీ నోట్లో పెట్టకముందే "చేస్తది, చేస్తది!" అన్నాడు.

"తిని జెప్పుమన్న."

తిన్నాడు. ఆ తినడంలో ఆయన ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. నిజంగానే బాగుంది. "మస్తున్నది. ఎక్కువే చేస్తది! జంగమ్మ, నాకో కిలో కట్టు."

కృష్ణారావుకు మీసం కింద నవ్వు ఆగిపోయింది. "నాకు రెండు కిలోలు" అన్నాడు.

"నాకు మూడు!" అన్నాడు పెదనాయిన.

పెద్దమ్మ ఎప్పుడు ఎక్కిందో, జంగమ్మ పీట మీదకెక్కి చెయ్యి పైకెత్తింది. "మూడు కిలోలు ఒకటోసారి! ఏం కృష్ణారావు దొరా, గింతేనా?"

"నాలుగు!"

జనం చప్పట్లు కొట్టారు. ఆ పూట జంగమ్మ చెయ్యి ఆగలేదు. పిండి గిన్నె అడుగు గీకి, ఆఖరి జిలేబీ వంకరటింకరగా వేసింది. దాని కోసం కూడా ఇద్దరూ తగువుపడితే, పెద్దమ్మ తీసి మైసయ్యకిచ్చింది.

జనం కదులుతుంటే ఆమె పెదనాయిన పక్కకు చేరి మెల్లగా అంది. ఆమెకు గుసగుస బాగా వచ్చు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు మాత్రం వినబడింది. "మూలకు వడ్డ దుకాణాలకు తైబజారు మాఫ్ అని నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?" పెదనాయిన వెంటనే గొంతు సవరించుకుని ఆ మాట ప్రకటించాడు, తనకే తట్టినట్టు. మళ్లీ చప్పట్లు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అమ్మా, మరి జిమ్మెదారు దొరికిండా?" అని గుంపులో ఓ కొంటెవాడు అరిచాడు.

"యాడ దొరికిండు? వచ్చే ఏడు మల్ల దేవులాడుత" అంది పెద్దమ్మ.

తిరిగి వస్తుంటే దారంతా నాకు ఒకటే సందేహం. "పెద్దమ్మా, ఇన్నేండ్ల సంది అడుగుతున్నవ్. ఎన్నడన్న ఎవడన్న ధర తగ్గించిండా?"

"తగ్గనిస్తనా? తగ్గితే ఆళ్లకేం మిగులుతదిరా?"

"మరి గా మొదట్ల పెద్ద దుకాణం కాడ ఇంకా పిరముండె గద. గాడెందుకు అడగలే?"

"గాడ మంది మస్తున్నరు గద. నాతోని ఏం పని?"

స్కూటరు దానంతటదే నెమ్మదించింది. ఒక్కడే గంట వాయించుకుంటున్న పీచుమిఠాయి వాడు గుర్తొచ్చాడు. ఈగలు తప్ప ఎవరూ ముసరని బరఫ్ బండి గుర్తొచ్చింది. నేను గాజుల చాటున నక్కినప్పుడల్లా అక్కడ ఏం జరిగేదో అప్పుడు తెలిసింది. మా పెద్దమ్మ మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఏదో అనబోయాను. "తొవ్వ సూసి నడుపు, జిలేబీలు వడిపోతయ్" అంది.

మరుసటి ఏడు జాతరలో స్కూటరుకు స్టాండు వేస్తుంటే పేలాలమ్మే సాలమ్మ పరుగున వచ్చింది. చెయ్యి పట్టుకుని, చుట్టూ చూసి, రహస్యంగా అడిగింది.

"సారూ, జర అమ్మను మా దిక్కు తోలుకరారాదూ? పొద్దటి సంది ఒక్కడన్న రాలే. వచ్చి నన్ను జరసేపు మంచిగ తిట్టమనుండ్రి."

నేను ఆ మాట పెద్దమ్మ చెవిన వేశాను. ఆమె సాలమ్మ దుకాణాన్ని దూరం నుంచి ఒకసారి తేరిపార చూసింది. ఆ తరువాత కొంగు నడుముకు చెక్కింది. ఆ ఏడు నేను ఎక్కడా నక్కలేదు. ఆమె పక్కనే నిలబడి, ఆమెకంటే ముందు నేనే గొంతెత్తాను.

"గిన్ని పేలాలకు గంత ధరనా? జిమ్మెదారెవలు?"