పదో ఛానెల్‌లో వేణువు

ఆ రోజుల్లో గోదావరిఖనిలో మా ఈడు కుర్రాళ్లను ఏం చేస్తున్నావని అడిగితే రెండే జవాబులు: ఐటీఐ చదువుతున్నాననో, బాయి మీద, అంటే బొగ్గుగనిలో, నౌకరీ కోసం చూస్తున్నాననో. మూడో జవాబు చెప్పిన ఘనుణ్ని నేనే. మ్యూజిక్ చేస్తున్నాననేవాణ్ని. (విన్నవాళ్లు నన్ను వదిలేసి, జాలిగా మా బాపు ముఖంలోకి చూసేవారు.)

నా ఆస్తి ఒక కీబోర్డు, దానికి తీగతో తగిలించే పాత సీక్వెన్సర్ డబ్బా. డ్రమ్స్, బేస్, వయొలిన్లు ఒక్కో ట్రాకుగా విడివిడిగా వాయించి దానికి అప్పజెబితే, అన్నిటినీ గుర్తుపెట్టుకుని కీబోర్డు చేత ఒకేసారి పలికిస్తుంది. బాపు గనిలో హాలేజీ, అంటే బొగ్గు టబ్బులను పట్టాల మీద తాడుతో లాగే ఇంజను, నడిపేవాడు. "పదహారు ట్రాకులున్నయి బాపూ" అని గర్వంగా చెబితే, "మా బాయిల గూడ అన్ని లేవు గదరా! మరి టబ్బులేవి?" అన్నాడు.

చర్చిలో క్రిస్మస్ పాట ఏటా బాపే ఎత్తుకునేవాడు. ఆ ఏడు షరతు పెట్టాడు. "నీ డబ్బాతోటి పాడుత. పాట మంచిగ నడిస్తె నీ దారిల నువ్వు పో, నేనేమన. నడవకపోతె నోరు మూసుకొని ఐటీఐల చేరాలె." రాత్రింబవళ్లు పాటకు ట్రాకులు కట్టాను. కరెంటు పోయినప్పుడల్లా వాయించింది చెరిగిపోయేది, మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. ఎలాగో పూర్తి చేసి ఫ్లాపీలోకి ఎక్కించాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? పండగ పొద్దున పల్లవికి వేణువు కూడా ఉంటే బాగుంటుందనిపించి గబగబా వాయించి అదీ ఎక్కించాను. "జల్ది రారా!" అని గుమ్మంలో అమ్మ కేకలు. ఆ హడావిడిలో, ఏ వాయిద్యం పలకాలో డబ్బాకు చెప్పే ఛానెల్ నంబరు మార్చలేదు. వేణువు వెళ్లి డ్రమ్స్ ఉండే పదో ఛానెల్‌లో పడింది. అక్కడ ఒక్కో స్వరం ఒక్కో మోత: ఒకచోట తాళం, ఒకచోట ఈల, ఇంకోచోట గంట. మళ్లీ విని చూసుకునే తీరిక నాకేదీ?

చర్చిలో బాపు తెల్లచొక్కాతో నిలబడి గొంతెత్తాడు. జనమంతా అందుకున్నారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి, వేణువు పలకాల్సిన చోట 'ఠంగ్'మని గంట మోగింది. బాపు ఠక్కున ఆగిపోయాడు. బాపే కాదు, మగవాళ్లంతా నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఆగిపోయారు. గనిలో ఒక్క గంట మోగితే హాలేజీ ఆపాల్సిందే, ఎందుకని అడగకూడదు. ఆ అలవాటు చర్చికొస్తే మాత్రం పోతుందా? ఆడవాళ్లు పాడుతూనే ఉన్నారు. డబ్బా ఈల కూడా వేసింది. ముందు వరుసలోంచి పక్కింటి కాక, "ఎవడన్న టబ్బుల కింద పడ్డడారా?" అన్నాడు. చర్చి చర్చంతా నవ్వు. నేను డబ్బా ఆపేసి తలదించుకున్నాను. కళ్లలో నీళ్లు. బాపు ఆడవాళ్ల పాటనే అందుకుని చివరిదాకా పాడాడు.

బయటికొచ్చాక, "ఐటీఐల ఎప్పుడు చేరాలె బాపూ?" అన్నాను.

బాపు కేకు నములుతూ నావైపు చూశాడు. "గంటకు ఆగింది నేను గదరా. నిన్నెవడు ఆగమన్నడు?"

ఇప్పుడు బాపు లేడు. ఆయన దయవల్ల ఇప్పటికీ ఈ పనిలోనే ఉన్నాను. ఆనాటి కుర్రాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త కోపమూ వస్తుంది. వేణువు కోసం అన్ని తంటాలు పడ్డాడే, ఆ డబ్బాకు మనిషి గొంతు దాచడం చేతకాదని తెలిసీ, పక్కన ఒక టేప్‌రికార్డర్ పెట్టి బాపు పాట పట్టుకోవాలని వాడికి తోచలేదు.