పెళ్లి కనిపించని పెళ్లి సినిమా

తెనాలిలో పెళ్లిళ్లకు వీడియో తీయడం నా వృత్తి. లండన్ హారోలో ఉండే ఒక తెలంగాణ కుటుంబం వాళ్ల అమ్మాయి పెళ్లికి నన్ను పిలిపించుకుంది. ముందురోజు మధ్యాహ్నం ఖాళీ దొరికి, ఒక చిన్న థియేటర్లో పాత జపాన్ సినిమాకు వెళ్లాను.

సినిమాలో, అమ్మానాన్నలు లేని చెల్లెలిని అన్న పెంచి పెద్దచేశాడు. సంబంధం కుదిరింది. ఆమె పెళ్లిబట్టల్లో గుమ్మం దాటింది. పెళ్లి ఎలా తీశారో చూద్దామని నేను ముందుకు వంగాను. చూస్తే అన్న ఒక్కడే ఇంటికి తిరిగొచ్చాడు! వంటింట్లో అలవాటుగా రెండు గిన్నెలు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టేశాడు. సినిమా అయిపోయింది.

“మధ్యలో రీలు పోయినట్టుందండీ, పెళ్లే లేదు” అన్నాను ఇంగ్లీషులో, పక్కసీటులోని జపాన్ పెద్దావిడతో.

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “ఏమీ పోలేదు. పెళ్లికి అందరూ వస్తారు. ఆ రెండో గిన్నె దగ్గర ఎవరుంటారు?”

ఇన్ని పెళ్లిళ్లు తీశాను, అప్పగింతలయ్యాక కెమెరా ఎన్నడూ ఆన్‌లో లేదు.

మర్నాడు పెళ్లికూతురి కారు కదిలింది. చుట్టాలూ వెళ్లిపోయారు. ఖాళీ హాల్లో, కూతురు కుర్చీమీద మరిచిపోయిన కోటును తండ్రి మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతున్నాడు. నేను దూరంగా నిలబడి తీస్తున్నాను.

ఆయన తలెత్తాడు. “పిల్ల ఎల్లిపాయె గదా తమ్మీ, ఇంకేం తీస్తున్నవ్?”

“పెళ్లే తీస్తున్నా అంకుల్” అన్నాను.