నీలం రంగులో నాలుగు చరణాలు

మా పిన్ని చేతికి గడియారం పెట్టుకోగా నేనెన్నడూ చూడలేదు. చేసే పనేమో సెకన్ల మీద నడిచేది. ఆసుపత్రి వెనకవైపు పొడుగాటి గదిలో ఆమె స్లైడ్లు తయారుచేస్తుంది. రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ల మీద తేలనిచ్చి, గాజుపలక మీదికి ఎత్తుకుని, రంగులో ముంచాలి. ముందు నీలం, తర్వాత గులాబీ. ఆ రంగు పడితేగాని మైక్రోస్కోపులో డాక్టరుగారికి ఏమీ కనపడదు. తక్కువసేపు ముంచితే పాలిపోతుంది, ఎక్కువసేపు ముంచితే నల్లబడుతుంది. ఎంతసేపు ముంచాలో పిన్నికి చెప్పేది ఒక పాట.

అది మా అమ్మమ్మ కట్టిన పాట. ఏ కీర్తనల పుస్తకంలోనూ దొరకదు. మా ఇంట్లో పొద్దుటి ప్రార్థనకు పాడుకునేవాళ్లం. మొదటి చరణం తెల్లవారినందుకు, రెండోది చేతిలో పని ఉన్నందుకు, మూడోది పోయినవాళ్ల గురించి, నాలుగోది వాళ్లను మళ్లీ కలుసుకోవడం గురించి. స్లైడ్లు నీలంలో ఉన్నంతసేపూ నాలుగు చరణాలూ, గులాబీలో ఒక్క చరణం, మధ్యలో కడగడానికి ఉత్త పల్లవి. అంతే లెక్క. వేళాకోళం ఆడుతున్నాననుకునేరు. పక్కగదిలో కూర్చుని రిపోర్టులు టైపు చేసేది నేనే. ఏళ్ల తరబడి ఆ పాట చెవిన పడుతుంటేనే నా వేళ్లు నడిచాయి.

డాక్టరుగారు దేవుణ్ణి నమ్మే మనిషి కాదు. ఆ సంగతి దాచుకునే మనిషి అసలే కాదు. కొత్తలో ఆయన స్టాప్‌వాచీ జేబులో పెట్టుకొచ్చి, గుమ్మం పక్కన నక్కి, పిన్ని పాట ఎత్తుకోగానే నొక్కారు. ఐదు నిమిషాల యాభై సెకన్లు. మర్నాడు మళ్లీ నొక్కారు. అదే ఐదు నిమిషాల యాభై. వారం రోజులు దొంగచాటుగా కాపు కాసి, చివరికి పట్టుబడిపోయారు.

"ఏంటమ్మా, మీ దేవుడు సెకన్లు కూడా లెక్కపెడతాడా?" అని అడిగారు, తప్పించుకోవడానికి.

"లెక్క నాదండీ. గొంతు మాత్రం ఆయనిచ్చింది," అంది పిన్ని.

అక్కడ అలా, చర్చిలో ఇంకోలా. ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక సంఘపెద్ద అందరి ముందూ పట్టుకున్నారు. "ప్రభువు పాటను తీసుకెళ్లి మాంసం ముక్కల దగ్గర పాడతావా అమ్మా?" అని. నాకైతే ఒళ్లు మండిపోయింది. నాలుగు దులిపేద్దామనుకునేలోపే పిన్ని నెమ్మదిగా అంది: "అన్నయ్యగారూ, ఆ ముక్కల్ని చేసిందెవరు?"

అక్కడితో ఊరుకోలేదు. తర్వాతి వారం యవ్వనస్థుల కూటానికి, డాక్టరుగారి పాత మైక్రోస్కోపు అడిగి మోసుకొచ్చి, తను చేసిన స్లైడు ఒకటి బిగించి బల్ల మీద పెట్టింది. ముందు సంఘపెద్దనే చూడమంది. ఆయన ఒక కన్ను మూసి వంగినవారు ఎంతకీ లేవలేదు.

"ఏం గుడ్డమ్మా ఇది? ఎంత సన్నగా నేశారో!"

"గుడ్డ కాదండీ. మీ చెంప లోపలివైపు ఇలాగే ఉంటుంది."

పెద్దాయన గబుక్కున చెంప తడుముకున్నారు. ఆ రోజు నుంచి పిన్ని పాట గురించి చర్చిలో ఎవరూ నోరెత్తలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు బాబాయి పోయాడు. గుండె. టీ తాగుతూ, కప్పు ఇంకా చేతిలో ఉండగానే. పిన్ని రెండో వారానికే పనిలోకి వచ్చేసింది. పాట మామూలుగానే వినిపిస్తోందనుకున్నాను. నాకేం తెలిసి చచ్చింది!

ఆ వారాంతంలో డాక్టరుగారు రెండు స్లైడ్లు పట్టుకుని వచ్చారు. నల్లబడ్డాయి. నల్లబడిన స్లైడంటే చిన్న విషయం కాదు. ప్రతి కణం మధ్యలోనూ ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్క మరీ నల్లగా కనిపిస్తే మంచి గడ్డ కూడా చెడ్డ గడ్డలా ఉంటుంది. "ఒకావిడకి లేని జబ్బు అంటగట్టబోయాను. ఎందుకో అనుమానమొచ్చి ఆగాను," అన్నారాయన. మళ్లీ స్టాప్‌వాచీ తీశారు. ఏడు నిమిషాల పది సెకన్లు! మూడో చరణం దగ్గర, పోయినవాళ్ల చరణం దగ్గర, పాట ముందుకు సాగడం లేదు. పిన్నికి తెలియకుండానే అక్కడ ఆగుతోంది.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ వాచీని పిన్నికి చూపించారు. పిన్ని మొహం చూడలేకపోయాను.

"నా ఏడుపు తీసుకెళ్లి ఇంకొకరి జబ్బులో కలపకూడదు డాక్టరుగారూ," అంది. సాయంత్రమే బజారుకెళ్లి, వంటింట్లో పెట్టుకునే గుండ్రటి టైమరు ఒకటి కొనుక్కొచ్చింది. ల్యాబు పుస్తకంలో ఉన్నట్టు నాలుగున్నర నిమిషాలకు తిప్పి పెట్టింది. పాట ఆగిపోయింది.

మూడేళ్లు ఆ గదిలో టైమరు మోతే. పుస్తకం ప్రకారం స్లైడ్లకు వంక పెట్టడానికి లేదు. డాక్టరుగారు మాత్రం ఒకటి రెండుసార్లు నా బల్ల దగ్గర నిలబడి, "బాగానే ఉన్నాయి గానీ, నా కళ్లకు ఆనడం లేదు. ఆ పాట రంగుకే అలవాటు పడిపోయాయి," అని గొణిగారు. ఆ మాట పిన్నితో చెప్పవద్దన్నారు. నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

పిన్ని గొంతు బొంగురుపోతే జలుబనుకున్నాం. ఆమె కూడా దగ్గుమందుతో నెట్టుకొచ్చింది. చివరికి గొంతు డాక్టరు లోపల చూసి, స్వరతంత్రి మీద చిన్న గడ్డ ఉందని, ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఒక్క మాటైనా మాట్లాడకూడదన్నారు. విషయం తేటతెల్లం. గడ్డ మంచిదైతే ఏమీ అక్కర్లేదు. చెడ్డదైనా మొదట్లోనే ఉంటే చిన్న ఆపరేషనుతో గొంతు మిగులుతుంది. ముదిరితే స్వరపేటిక మొత్తం తీసేయాలి. ఇక పిన్ని పాడదు, మాట్లాడదు.

ఆ ముక్క మరెక్కడికి వెళ్తుంది? మా ల్యాబుకే వచ్చింది.

తన స్లైడు తనే చేసుకుంటానని పిన్ని కాగితం మీద రాసి చూపించింది. "ఆ పప్పులేం ఉడకవు. నోరు మూసుకుని బయట కూర్చోండమ్మా," అన్నారు డాక్టరుగారు. నోరు ఎలాగూ మూసే ఉంది గనుక వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. తలుపు సగం తెరిచే ఉంది. ఆయనే కోశారు, ఆయనే ఎత్తారు. నీలం డబ్బా ముందు నిలబడి టైమరు చేతిలోకి తీసుకున్నారు. కాసేపు దాన్నే చూసి, సొరుగులో పడేశారు. స్లైడు ముంచి, పాట ఎత్తుకున్నారు.

ఆ గొంతు గురించి ఏం చెప్పమంటారు! ఆ గది తలుపు కిర్రుమన్నా అంతకంటే శ్రుతిలో ఉంటుంది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత కుర్చీ చేతి మీద వేలితో తాళం వేయడం మొదలుపెట్టింది. మాటలన్నీ ఆయనకు పొల్లుపోకుండా వచ్చు. మొదటి చరణం అయింది. రెండోది అయింది. ఆయన నాలుగోది అందుకున్నారు.

పిన్ని వేలు ఆగిపోయింది. లేచి, లోపలికి వెళ్లింది. ఆ చరణం పూర్తిచేసి ఆయన స్లైడు మీద చెయ్యి వేశారు.

"తియ్యకండి."

ఐదు రోజుల తర్వాత పిన్ని నోట వచ్చిన మొదటి మాట. చిరిగిన కాగితంలా ఉంది.

"మాట్లాడొద్దన్నారు కదమ్మా!"

"మూడో చరణం వదిలేశారు."

"గుర్తు రాలేదు."

పదహారేళ్లు విన్న మనిషికి గుర్తు రాకపోవడమేంటి? పిన్ని ముక్క చేతిలో పెట్టుకుని పోయినవాళ్ల పాట పాడటానికి ఆయనకు నోరు రాలేదు, అదీ సంగతి. కానీ ఒక చరణం తగ్గితే రంగు తగ్గుతుంది. ఆ పాట రంగుకు అలవాటు పడిన కళ్లకు, పాలిపోయిన స్లైడులో ఏ గడ్డయినా మంచిదానిలాగే కనపడుతుంది.

"నా మీద జాలితో రంగు తగ్గించకండి డాక్టరుగారూ. ఉన్నది ఉన్నట్టు కనపడనివ్వండి. ఉన్నదాన్ని చూసి భయపడే దేవుడు కాదు మా దేవుడు."

అని, మూడో చరణం తనే పాడింది. గాలి ఎక్కువ, గొంతు తక్కువ. అయినా ఎక్కడా ఆగలేదు. బాబాయి పోయాక ఆ చరణాన్ని ఆగకుండా పాడటం అదే మొదటిసారి. డాక్టరుగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. నాకు కళ్ల ముందు తెర మీద అక్షరాలన్నీ అలుక్కుపోయాయి.

"చివరి పల్లవి వద్దులెండి. మన మాటలకు అంత టైము పోయింది. ఇక తియ్యండి," అంది పిన్ని.

ఆయన ఆ స్లైడు ముందు కూర్చుని ఎంతసేపటికీ లేవలేదు. లేచాక, నా దగ్గరికి వచ్చి చెబుతుంటే నేను టైపు చేశాను. చెడ్డదే. కానీ పై పొరలోనే ఉంది, కిందికి దిగలేదు. "పల్చగా పడి ఉంటే నాకు కనపడేదే కాదు. ఏమీ లేదని ఇంటికి పంపేసేవాణ్ణి. ఏడాదికి గొంతు మొత్తం పోయేది," అన్నారు.

ఆపరేషను అయింది. పాత గొంతు రాలేదు, రాదు కూడా. ఇప్పుడున్నది గరుకుగా, చేటలో గింజలు కదిలినట్టు ఉంటుంది. ఆ గొంతుతోనే పిన్ని మళ్లీ పనిలోకి వచ్చింది, మళ్లీ పాడుతోంది. టైమరూ పక్కనే ఉంటుంది, పాటకు సరిపడా తిప్పి. ఎక్కువ రోజులు రెండూ ఒకేసారి ముగుస్తాయి. ముగియని రోజున పిన్ని టైమరు మాటే వింటుంది.

మొన్న ల్యాబు తనిఖీకి ఒక అధికారి వచ్చారు. నియమాల పుస్తకం తిరగేస్తూ, డాక్టరుగారు చేత్తో దిద్దిన ఒక లైను దగ్గర ఆగారు.

"నీలం రంగు నాలుగున్నర నిమిషాలే కదండీ. ఐదు నిమిషాల యాభై సెకన్లని రాశారేంటి? ఈ ఎనభై సెకన్లు దేనికి?"

డాక్టరుగారు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు.

"మూడో చరణానికి," అన్నారు.