కాక పట్టిన గిన్నె దొంగ

మా కాక, అంటే నాయిన తమ్ముడు, రిటైరై సిద్దిపేటలో మా ఇంటి మేడగదిలోకి వచ్చేటప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లిష్ డిటెక్టివ్ కథలు ఒక సంచి నిండా మోసుకొచ్చాడు. ఊరకున్న ప్రాణానికి ఉరి తెచ్చుకోవడమంటే అదే. కాకపోతే ఆ ఉరి మాకు పడింది.

ఆ కథలు నేనూ చదివాను. వాటిలో నేరం పట్టేవాడు పోలీసు కాడు, పనీపాటా లేని ఏ దొరో. పోలీసులేమో టోపీలు చేతపట్టుకుని సలహా కోసం ఆయన గుమ్మంలో నిలబడతారు. మన దగ్గర స్టేషన్‌కు పోయి సలహా చెబితే ముందు మనల్నే కూర్చోబెడతారు. చివర్లో దొర అందరినీ ఒక గదిలో చేర్చి ఉపన్యాసం ఇస్తాడు. హంతకుడు కూడా మధ్యలో లేచిపోకుండా మర్యాదగా వింటాడు. నాకది నవ్వులాట, కాకకు వేదం.

ఒకరోజు వంటింటి అలమారలో మా అమ్మమ్మ ఇచ్చిన కంచు గిన్నె లేదని ఆయన కనిపెట్టాడు. అమ్మ అప్పుడు బెజ్జంకిలో పెద్దమ్మ ఇంట్లో ఉంది.

"ఫోన్ చేసి అడుగుదాం కాకా," అన్నాను.

"అడిగి తెలుసుకుంటే అది పరిశోధన ఎట్లయితది?"

మందు సీసాల మీది అక్షరాలు చదివే భూతద్దంతో అలమార, కిటికీ అంతా వెతికాడు. కిటికీ ఊచకు నీలం దారం ముక్క దొరికింది. నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటామె బట్టలు కుడుతుంది. పైగా కొన్నాళ్లుగా మా గడప తొక్కడం లేదు. ఇంకేం కావాలి?

అమ్మకూ ఖాలాకూ మధ్య ప్రహరీ గోడ మీదుగా గిన్నెలు నడుస్తాయి. బతుకమ్మకు ఇటు నుంచి రొట్టె, బెల్లం కలిపిన మలీద, రంజాన్‌కు అటు నుంచి సేమ్యా. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పోకూడదు. సొంత అక్కాచెల్లెళ్లున్నా అమ్మ తన గోడు చెప్పుకునేది ఖాలాకే. ఆ స్నేహం పోతే అమ్మకు ఈ వాడలో ఎవరూ లేరు. అందుకే నాకు భయం వేసింది.

"అమ్మ మలీద పంపి ఉంటుంది కాకా, గిన్నె వాళ్లింట్లోనే ఉంటుంది," అని బతిమాలాను.

"బతుకమ్మ పోయి ఎన్ని దినాలాయె? మరి ఇంక ఎందుకియ్యలే?" అన్నాడు.

మర్నాడు చాయ్‌కి రమ్మని ఖాలానూ ఎదురింటి దంపతులనూ పిలిచి, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, కాగితంలో చుట్టిన దారం తీసి చూపించాడు. ఉపన్యాసం ముగిసేసరికి ఆయన వేలు ఖాలా వైపు ఉంది.

ఖాలా కప్పు కింద పెట్టింది. "గిన్నె మా ఇంట్లనే ఉంది భయ్యా. ఖాళీగ ఎట్లియ్యాలె? మా ఆయన దవాఖానల పడ్డడు. తియ్యగ వండనీకి మనసు రాలే."

"చూసిన్రా, ఒప్పుకున్నది!" అన్నాడు కాక.

ఆ భూతద్దం లాక్కుని మోరీలో పారేయాలనిపించింది నాకు. ఖాలా కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ దారం అమ్మ జాకెట్టుదే. కుట్టింది ఖాలాయే.

బెజ్జంకి నుంచి వచ్చిన అమ్మ సంగతి విని, సంచి గడపలోనే వదిలేసి పక్కింటికి పరుగెత్తింది. ఖాలా కోప్పడలేదట. కుర్చీ వేసి, ఎన్నడూ లేనిది "మీరు" అన్నదట.

ఆ సాయంత్రమే గిన్నె వచ్చింది. చింతపండుతో తోమి తళతళలాడుతోంది. లోపల ఒక్క చక్కెర పలుకైనా లేదు.

"దొరికింది గదా వదినా," అన్నాడు కాక, మీసం దువ్వుకుంటూ.

అమ్మ ఆ గిన్నెను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"గిన్నె దొరికింది. పోయిందేందో అది గూడ దేవులాడి పట్కరా."

కాక భూతద్దం కోసం జేబు తడుముకున్నాడు.