జలపాతానికి పైన చేపలు

గోస్తని నదిలో ఏ చేప ఎంతవరకు ఉంటుందో చూడటం ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు. ఎనభైల తొలి సంవత్సరాల మాట. నది సముద్రంలో కలిసే భీమునిపట్నం నుంచి ఎగువకు వల వేసి చూస్తూ వచ్చాను. కింద జెల్లలు, పరిగెలు దండిగా దొరికాయి. కొండలు మొదలయ్యాక రాళ్లను కరుచుకుని ఉండే వేలెడు చేపలే మిగిలాయి. బొర్రా దగ్గర గోస్తనిలో కలిసే ఒక వాగు మీద చిన్న జలపాతం ఉంది. దానికి పైన చేపలుండవని, అలాగే రాసేయమని మా మాస్టారు అన్నారు. చూడకుండా రాయడానికి నాకు మనసొప్పలేదు.

ఒంటరిగా పంపరు కనుక మా అక్క భర్త అప్పలనాయుడు బావను బతిమాలాను. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. కంచరపాలెంలో వాళ్లింట్లో ఉండే చదువుకునేదాన్ని. ఒక ఆదివారం పొద్దున్నే విశాఖ స్టేషన్లో కిరండూల్ పాసింజరు ఎక్కాం. టిక్కెట్టు పది రూపాయల లోపే. శృంగవరపుకోట దాటాక సొరంగాలు వరసకట్టాయి.

"ఏటి పద్మా, వేలెడు సేప కోసం ఇంత దూరమా? కూరకైనా సాలదు," అన్నాడు బావ.

"కూరకి కాదు బావా, చూడ్డానికి."

మధ్యాహ్నం కాకముందే బొర్రాలో దిగి, స్టేషన్ బయట టీ తాగి, దారి అడుగుతూ గంటసేపు నడిచాం. జలపాతం పక్కనున్న బండలు పట్టుకుని పైకెక్కితే మోకాలి లోతు మడుగు. నేను రాళ్లు కదిలిస్తుంటే బావ నీళ్లలోకి వంగి చూస్తున్నాడు.

"ఇదిగో! బొట్టుబిళ్లలాగ రాయికంటుకుంది!" అని అరిచాడు.

నిజమే. ఆ చేపను మెల్లగా తీసి నీళ్ల డబ్బాలో వేశాను. అంతలో గట్టు మీద కట్టెలమోపుతో వెళ్తున్న ఒకామె కేక వేసింది. "ఓలమ్మా! నీరు ఎర్రబడతంది. పైన వాన. ఎక్కీండి!"

బావ కాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. డబ్బా వదిలేసి రెండు చేతులతో ఆయన్ని లాగాను. మోపు పడేసి ఆమె కూడా దిగి చెయ్యి వేసింది. మేం గట్టెక్కేసరికి మడుగు లేదు, ఎర్రటి వరదే ఉంది. ఆమె తన ఇంటికి తీసుకెళ్లి వేడి అంబలి పోసింది.

"నా కాలు ఇరుక్కోకపోతే నీ సేప ఉండును," అన్నాడు బావ, వణుకుతూ.

"నువ్వున్నావుగా, చాలు."

మర్నాడు ఆయన కుంటుకుంటూ మా డిపార్టుమెంటుకు వచ్చాడు. "సార్, సేపని నాను సూసేను. మా మరదలు అబద్ధమాడదు," అన్నాడు. మాస్టారు కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టారు. "వానలు తగ్గాక నేనూ వస్తాను. మీరూ రావాలి," అన్నారు. ముగ్గురం వెళ్లాం. చేపలు కనిపించాయి.

అవి అంత ఎత్తు ఎలా ఎక్కాయో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు. కానీ నదిని మ్యాపులో చూసినప్పుడు మాత్రం అది ఒకే గీతలా అనిపించడం మానేసింది. ప్రతి మలుపులో వేరే కాపురాలున్నాయి.

మీరూ ఆ వాగుల వైపు వెళ్తే ఒక్క మాట. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, చేతిలో ఏదుంటే అది వదిలేసి గట్టెక్కండి.