జేజినాయన మప్పిన మాట

కడపలో మా పక్కింటికి ఈ మధ్య వారానికి మూడుసార్లు ఒక అమ్మాయి స్కూటీ మీద వస్తోంది. పక్కింటి మనవరాలికి ఆటిజం అట. ఆ పిల్లను చాప మీద కూర్చోబెట్టుకుని, పిలిస్తే ఇటు చూడటమనే ఒక్క పనే నెల రోజులుగా నేర్పుతోంది. పిల్ల చూసిన మరుక్షణం సబ్బు బుడగలు ఊదుతుంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడి చూస్తుంటే, "ఇంత చిన్నదానికి ఇంత సంబరమేందని నవ్వుకుంటాండారా అవ్వా?" అంది నిన్న. నవ్వుకోలేదు. డెబ్బై ఏళ్ల కిందట మా ఇంట్లో ఇదే చదువు చెప్పిన మనిషి గుర్తొచ్చాడు. ఆయనకు సంతకం పెట్టడం కూడా రాదు.

ఆయన మా నాయనకు నాయన, మాకు జేజినాయన. కమలాపురం పక్కన పల్లె మాది. చుట్టుపక్కల రైతులు కోడెలను కాడికి మప్పాలంటే ఆయన దగ్గరికే తోలుకొచ్చేవారు. కాడి మెడ మీద పడగానే బెదిరి చిందులు తొక్కే కోడెకు నాగలి లాగడం అలవాటు చేయడమంటే మాటలు కాదు. కొందరు ముల్లుగర్రతో పొడిచి నేర్పేవారు. ఆయన చేతిలో ముల్లుగర్ర నేనెప్పుడూ చూడలేదు. మొదటి రోజు కాడిని దాని కళ్లముందు నేల మీద పడేసి, బీడీ కాలుస్తూ ఊరికే కూర్చునేవాడు. మా జేజి మాత్రం "గొడ్లతో ఉండే నిదానం పెండ్లాంతో మాట్లాడేటప్పుడు ఉండదు ఈ మనిసికి" అని సణిగేది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా చెల్లెలికి ఐదు. మాట రాలేదు, పిలిస్తే చూడదు. ఇంట్లో పరిచిన కడప బండల మధ్య గీతల మీదే అడుగులేస్తూ పొద్దంతా తిరిగేది. గీత దాటించామా, వీధంతా వినబడేలా ఏడుపు. తాయెత్తులతో దాని మెడ నిండిపోయింది గానీ గుణం మారలేదు. ఇదంతా సర్దుకుపోయేవాళ్లమే, కానీ దానికి నీళ్లు కనబడితే చాలు, పరుగు. అప్పట్లో మా వైపు మోటబావులకు పిట్టగోడలుండేవి కావు. వెంటబడితే ఆట అనుకునేదో ఏమో, ఇంకా వేగంగా పరిగెత్తేది. రెండుసార్లు బావి అంచున మా అమ్మ పట్టుకుంది. రెండోసారి, ఉగాది వెళ్లిన వారానికి, నాయన పగ్గం తెచ్చి స్తంభానికి కట్టేద్దామన్నాడు.

జేజినాయన కొడుకు చేతిలోంచి ఆ పగ్గం తీసుకున్నాడు. "కట్టేస్తే కట్టు తెలుస్తాది గానీ మాట తెలియదప్పా. చెనిక్కాయ పీకేదాకా బిడ్డను నాకు ఇడిసిపెట్టండి" అన్నాడు. అంటే వేరుశనగ పంట చేతికొచ్చేదాకా.

జేజి లేచింది. "బిడ్డేమన్నా గొడ్డా, మప్పేదానికి?"

"గొడ్డుకే అంత ఓపిక పడతాండామే, బిడ్డకు పడొద్దా?"

ముందు బెల్లంతో మొదలుపెట్టాడు. చెల్లెలు ఉమ్మేసింది. ఇక వారం రోజులు ఏమీ చేయకుండా దాని వెంట తిరిగి చూశాడు. ఎద్దులు మెడ విదిలించి గంటల పట్టెడ గలగలమన్నప్పుడల్లా అది ఉన్నచోటే నిలబడి, తల వాల్చి వింటుందని కనిపెట్టింది ఆయనే. ఇంటెడు మందిమి ఉన్నాం, ఒక్కరికీ అది కనబడలేదు. పట్టెడ ఒకటి భుజాన వేసుకున్నాడు. చెల్లెలు తనంతట తాను నిలబడినప్పుడు "ఉండు" అని, గంటలు ఒక్కసారి ఊపేవాడు. అంతే. కొన్నాళ్లకు, ఒక అడుగు వేయబోతుండగా "ఉండు". నిలబడితే గంటలు. తర్వాత పడసాల నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి కళ్లంలోకి. దానికి విసుగు రాకముందే తానే చాలించేవాడు.

అంతకంటే కష్టమైంది మాకు మప్పడం. అమ్మ "ఆగవే" అనేది, జేజి "వద్దు తల్లీ" అనేది. "తలా ఒక మాటంటే బిడ్డ ఏది పట్టుకోవాల? ఒకటే మాట, ఒకటే గొంతు" అని అందరినీ నిలబెట్టి "ఉండు" అనిపించాడు. అంత మీసాలున్న మా నాయన కూడా బడిపిల్లాడిలా అప్పజెప్పాడు.

చెడగొట్టింది నేను. స్నేహితురాళ్ల ముందు గొప్పకు, గంటలు లేకుండానే, "ఉండు, ఉండు" అంటూ చెల్లెల్ని బొమ్మలా ఆడించాను. మరునాటి నుంచి ఎవరు పిలిచినా అది నిలబడలేదు. విషయం తెలిసి జేజినాయన కొట్టలేదు. "మాటను అరగదీస్తివి గదమ్మా" అన్నాడు. మళ్లీ పడసాల నుంచి మొదలుపెట్టాడు. నేను వృథా చేసింది రెండు నెలల పని. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చెనిక్కాయలు పీకే రోజులొచ్చాయి. ఇల్లంతా చేన్లో ఉంది. జేజినాయన ఎవరికో కోడెలు చూసిపెట్టడానికి పొరుగూరు పోయాడు. కాయల కుప్ప దగ్గర కూర్చున్న చెల్లెలు ఉన్నట్టుండి లేచి, పక్క చేని బావివైపు పరుగు తీసింది. కూలీలు కేకలేశారు. నాయన పరిగెత్తబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తాను కదల్లేదు. వణుకు లేని గొంతుతో, నేర్పింది నేర్పినట్టే, "ఉండు" అంది.

చెల్లెలు నిలబడింది. బావి అంచు ఇంకా నాలుగు బారల దూరంలో ఉంది. అమ్మ పరుగెత్తకుండా నడిచే వెళ్లింది. దగ్గరికి పోయి, రెండు చేతులూ ఎత్తి గాజులు గలగలలాడించింది. ఆ తర్వాతే చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం ఇదంతా చెబితే జేజినాయన అడిగిన మొదటి మాట, "గంటలు ఊపినారా, లేదా?"

మామ ఎదుట ఏనాడూ నోరు విప్పని అమ్మ తలుపు చాటు నుంచి బయటికొచ్చింది. "గంటలు యాడుండాయి మామా? గాజులు ఊపితి."

"శానా మంచిపని చేస్తివమ్మా. నాకు తోచేది కాదు" అన్నాడు. అమ్మ అప్పుడు కూలబడి ఏడ్చింది. జేజి ఆ రాత్రి సంగటి ముద్ద మొదట మొగుడికే పెట్టి, పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరింది. మా ఇంట్లో అది క్షమాపణ కిందే లెక్క.

చెల్లెలు మాటకారి కాలేదు. మొహం కడుక్కోవడం, చీర కట్టుకోవడం, కాయలు ఒలవడం అన్నీ ఆ పద్ధతిలోనే వచ్చాయి, ఒక్కోటీ నెలల తరబడి. అరవై దాటేదాకా బతికింది. ఒక్కతే చేనికి పోయి ఒక్కతే వచ్చేది. దాని దగ్గర ఉన్నవి ఇరవై మాటలే గానీ, ఒక్కటీ దండగకు వాడలేదు.

ఆ అమ్మాయి స్కూటీ ఎక్కి వెళ్లాక పక్కింటి తల్లి నన్ను నెమ్మదిగా అడిగింది, ఎన్నాళ్లు పడుతుందని. పట్టినన్నాళ్లు పడుతుంది, వస్తుంది మాత్రం నిజమన్నాను. ఒక్క మాటకు మాకు ఎనిమిది నెలలు పట్టింది. నా బతుకులో తక్కిన ఏళ్లు ఎటు పోయాయో సరిగ్గా చెప్పలేను గానీ, ఆ ఎనిమిది నెలల్లో ఏ రోజు ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పగలను.