కరస్పాండెంటు గారి రొయ్యల తొట్టి

డెబ్భైల నడుమ నేను తిరువూరులో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. మా నాన్న ఎ.కొండూరు వైపు మిషన్ బడిలో పంతులు. మా చుట్టాల్లో మైక్రోస్కోపులో కన్ను పెట్టిన మొదటి మనిషిని నేనే. కాలేజీలో నా పైన ఒక సీనియర్ లెక్చరరు ఉండేవాడు. ఆయన ఎమ్మెస్సీ అని బస్టాండు దగ్గర కిళ్ళీకొట్టు మనిషికి కూడా తెలుసు. ఎవరూ అడక్కుండానే ఆయనే చెప్పుకున్నాడు మరి.

కాలేజీ కరస్పాండెంటు గారికి రెడ్డిగూడెంలో మామిడి తోటలున్నాయి. బెజవాడలో ఎవరింట్లోనో చూసొచ్చి, తన హాల్లోనూ ఒక గాజుతొట్టి పెట్టించారు. మొదట వేసిన రంగు చేపలు కరెంటు పోయి, గాలి బుడగలు ఆగిన రోజే చచ్చిపోయాయి. అప్పుడు వాగులోంచి చిట్టి రొయ్యల్ని నాచుతో సహా బిందెలో పట్టి తెప్పించారు. ఒళ్ళంతా గాజులా ఉండి, లోపల పేగు కూడా కనిపించే రొయ్యలవి. నిజం చెప్పాలంటే ఆ మేడలో చూడదగ్గవి అవే.

కొన్నాళ్ళకి తొట్టిలో తెల్లటి నలుసులు కనిపించాయి. ఒక్కో కుదుపుతో ముందుకు పోతున్నాయి. అద్దానికి లేత ఆకుపచ్చ దారపు ముక్కల్లాంటివి వేలాడుతున్నాయి. అవేమిటో తేల్చడానికి పెద్దమనుషులంతా వచ్చారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు చూసి, అవి కలరా క్రిములన్నాడు. కంటికి కనపడే కలరా క్రిమిని కనిపెట్టిన ఘనత ఆయనకే దక్కాలి. తర్వాత మా సీనియర్ వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, నడుమైనా వంచకుండా నిలబడిన చోటినుంచే తేల్చేశాడు.

"రొయ్య పిల్లలండి! మీ తొట్టిలో సంతానోత్పత్తి జరిగింది. అవిగో, అద్దానికి పట్టినవి నాచు మొలకలు."

కరస్పాండెంటు గారి ముఖం వెలిగిపోయింది. మర్నాడు స్టాఫు రూములో అందరికీ మిఠాయి పంచారు. నాకూ ఒక లడ్డు వచ్చింది. తిన్నాను. తిండి మీద నాకేం కోపం?

కరస్పాండెంటు గారి భార్యకి మాత్రం అనుమానం పోలేదు. వాళ్ళమ్మాయికి ట్యూషను చెప్పడానికి వెళ్ళినప్పుడు నన్ను పక్కకి పిలిచింది.

"ఏమ్మా, పిల్లలంటున్నారు గానీ రొయ్య పోలికే లేదే! నువ్వు కాస్త చూసి చెప్తావా?"

గ్లాసులో కాసిని తొట్టి నీళ్ళు ముంచి, దారపు ముక్కలు రెండు వేసి ఇచ్చింది. కాలేజీకి తీసుకెళ్ళి ఒక బొట్టు మైక్రోస్కోపు కింద పెట్టాను. తెల్ల నలుసుకి నుదుటి మీద ఒకే ఒక్క ఎర్రటి కన్ను ఉంది. తోకకి అటూ ఇటూ రెండు గుడ్ల సంచులు వేలాడుతున్నాయి. అది సైక్లోప్స్, ఎదిగినా నలుసంతే ఉండే నీటిపురుగు. ఇక దారపు ముక్కని సూదితో తాకితే కొసనున్న సన్నటి చేతులన్నీ ముడుచుకుని చుక్కంతయింది. కాసేపటికి మళ్ళీ మెల్లగా సాగింది. హైడ్రా! మొక్కలా అతుక్కుని బతికే జంతువది. పుస్తకంలో బొమ్మగా, ల్యాబు స్లైడులో తప్ప అప్పటిదాకా చూడనిది ప్రాణంతో నా కంటి కింద కదులుతుంటే ఒళ్ళు జలదరించింది.

ఆ సంతోషం పంచుకోవాలని పరిగెత్తుకుంటూ వెళ్ళాను, అదీ మా సీనియర్ దగ్గరికే.

"సార్, అవి రొయ్య పిల్లలు కావండి, సైక్లోప్స్. గుడ్లు కూడా మోస్తున్నాయి. పిల్లలైతే అప్పుడే గుడ్లెలా పెడతాయండి? ఆ ఆకుపచ్చవి హైడ్రాలు."

ఆయన పేపరు మడిచి నా వైపు జాలిగా చూశాడు. "చూడమ్మా, హైడ్రా ఆకుపచ్చగా ఉండదు. గులాబీ రంగులో ఉంటుంది. మన ల్యాబులో స్లైడుంది, వెళ్ళి చూసుకో."

స్లైడులో గులాబీ రంగే, నిజం. చచ్చిన హైడ్రాకి రంగు అద్ది అంటించారు కాబట్టి. ఏళ్ళ తరబడి ఆ పాఠం చెప్పిన మనిషి, అది దాని ఒంటి రంగే అనుకుంటున్నాడు! గ్లాసులో నీళ్ళు మాత్రం పారబోయకుండా ఒక గాజుసీసాలో పోసి, కిటికీ దగ్గర దాచుకున్నాను.

ఈలోగా తొట్టిలో రొయ్యలు నిజంగానే పొట్ట కింద గుడ్లు మోశాయి. ఒకరోజు పొద్దున్నే కరస్పాండెంటు గారి భార్య కబురు పంపింది. వెళ్ళేసరికి భర్తా, మా సీనియరూ తొట్టి ముందే ఉన్నారు. నీళ్ళలో అసలు పిల్లలు తిరుగుతున్నాయి. చీమ తలకాయంత ఉన్నా మీసాలతో సహా అచ్చం తల్లి పోలికే. అందులో ఒకటి అద్దం పక్కగా పోతూ 'నాచు మొలక'కి తగిలింది. అంతే, అతుక్కుపోయింది. కాసేపు గిలగిల్లాడింది. దారపు చేతులు దాన్ని మెల్లగా దగ్గరికి లాక్కుని మింగేశాయి.

"నాచు రొయ్యని తింటుందాండీ?" అని ఆవిడ మా సీనియర్నే అడిగింది.

ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అదేనండి నేను చెప్పబోతున్నది. అవి హైడ్రాలు, హానికరం. మీ తోటలో కొట్టే మైలుతుత్తం ఉంటుందిగా, చిటికెడు వేయండి. దెబ్బకి పోతాయి."

"వద్దు సార్, రొయ్యలు కూడా చచ్చిపోతాయండి. తల్లుల్ని వేరే గిన్నెలోకి తీస్తే చాలు," అన్నాను.

కరస్పాండెంటు గారు నవ్వారు. "ఎమ్మెస్సీ చదివినాయన చెప్తుంటే మధ్యలో నువ్వేంటమ్మా?"

చిటికెడు కాదు, గుప్పెడు వేయించారు. నీళ్ళు అందంగా నీలంగా మారాయి. సాయంత్రానికి రొయ్యలన్నీ వెల్లకిలా తేలాయి. గాజులాంటి ఒళ్ళు తెల్లగా పాలిపోయింది. తల్లుల పొట్టల కింద గుడ్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా సీనియర్ చావుకి కారణం కూడా చెప్పాడు. వాగు నీళ్ళు మంచివి కావట. కరస్పాండెంటు గారు తలూపారు. ఆ ఏడే మా సీనియర్ని వైస్ ప్రిన్సిపాల్ చేశారు. నలుసులకి పేరు తెలియకపోతే ఏం, ఎవరి ముందు ఎలా వంగాలో బాగా తెలుసు.

నా సీసాలో హైడ్రాలు బతికే ఉన్నాయి. పక్కనుంచి చిన్న మొగ్గల్లా పిల్లలు మొలిచాయి. ప్రాక్టికల్స్‌లో విద్యార్థులకి ఒక్కొక్కరికీ చూపించాను. పెనుగొలను నుంచి వచ్చే అమ్మాయి ఒకతె మైక్రోస్కోపు మీద నుంచి లేవనంది. వెనకున్న వాళ్ళు జడ పట్టి లాగినా వదల్లేదు. "మేడమ్, ఇది నిజంగా మన వాగులోనే ఉందా అండి?" అంది. ఉందన్నాను. మర్నాడు క్లాసులో సగం మంది సీసాల్లో వాగు నీళ్ళు పట్టుకొచ్చారు. కొందరి నీళ్ళలో బురద తప్ప ఏమీ లేదు. అయినా ప్రతి చుక్కా చూశాం.

చాలా ఏళ్ళకి మా సీనియర్ రిటైరయితే, సన్మాన సభలో ఆయన విద్వత్తు గురించి నాలుగు మాటలు చెప్పమని నాకు కబురు పంపారు. ఒంట్లో బాగా లేదని చెప్పించాను. నిజానికి ఆ రోజు నిక్షేపంగా ఉన్నాను.